దుప్పటి మూల రెండు చుక్కలు

మా చాకలమ్మ పోయింది. మంగళవారం పొద్దున్న నేను మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే ఎదురింటామె వాకిట్లో నిలబడి చెప్పింది. నేను అయ్యో అనలేదు. "ఎవరు చూశారు?" అన్నాను.

"జ్వరమంట వదినా, మూడు రోజుల్నించీ."

"జ్వరమని ఎవరన్నారు? ఆఖరున మంచినీళ్ళు ఎవరిచ్చారు?"

ఆమె నా వంక అదోలా చూసి వెళ్ళిపోయింది. నా కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఏ చావు కబురూ నాకు తిన్నగా లోపలికి దిగదు. చాకలమ్మ సాక్ష్యంతో జైలుకు పోయినవాడి బావమరుదులు ఇంకా ఈ కాలవ గట్టు మీదే తిరుగుతున్నారు. కండె అక్కడే వదిలేసి బయల్దేరాను.

ఆమె ఎవరో చదివేవాళ్ళకి చెప్పాలి. నేను చదివింది మూడో తరగతి. తెలిసినట్టు రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికే మా ఇంటి బట్టలు ఆమె ఉతికేది. మా అత్తగారు పోయినా, నాకు తల నెరిసినా, నన్ను "కోడలమ్మా" అనే పిలిచింది. మేము నేసుకున్న బట్ట ఇంటి వాడకానికి వస్తే ముందు ఆమె చేతిలో పడాలి. నల్లజీడి గింజలో సూది గుచ్చి ఆ రసంతో, అంచు దాటి లోపలికి, మూలన మా ఇంటి గుర్తు పెట్టేది. ఒక గీత, దాని కింద రెండు చుక్కలు. ఊళ్ళో ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిదే. "గుర్తుంటే గుడ్డకి ఇల్లున్నట్టు కోడలమ్మా. ఎక్కడ తప్పిపోయినా ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు" అనేది.

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. నా కొడుక్కి అప్పుడు ఇరవై రెండేళ్ళు. చీరలు దుప్పట్లో మూటకట్టుకుని, బెజవాడలో నూలు దళారీకి ఇచ్చి నూలు తెస్తానని కాలవ పడవ ఎక్కాడు. నాలుగో రోజున కింది లాకుల తలుపుల దగ్గర తేలాడు. మూట లేదు.

కాలుజారి పడ్డాడని మునసబుగారు కాగితం రాశారు. చీరలు అమ్ముకుని తాగి పడ్డాడని ఊరు అంది. ఆ కాలవలో ఈది పెరిగిన పిల్లాడు వాడు. కల్లు వాసనకే ముక్కు మూసుకునేవాడు. వాణ్ణి చంపారని ఎవరైనా ఒక కాగితం మీద రాస్తే చాలనిపించింది. తాగుబోతన్న పేరుతో వాణ్ణి పోనివ్వలేను.

ఇక కనిపించిన ప్రతివాణ్ణీ అనుమానించాను. పడవవాణ్ణి అనుమానించాను, లాకుల కాపలావాణ్ణి అనుమానించాను, చివరికి నా కొడుకు పెళ్ళాం అన్నని కూడా వదల్లేదు. పదోరోజున అరటిగెల మోయించుకొచ్చి, "మీవాడు నా గుమ్మం తొక్కనే లేదమ్మా" అంటూ నాకన్నా ఎక్కువ ఏడ్చిన ఆ నూలు దళారీని మాత్రం నమ్మాను.

రెండు నెలలకి చాకలమ్మ చెల్లెలు బెజవాడలో ప్రసవించింది. ఈమె సాయం వెళ్ళి, పదిహేను రోజులు అక్కడి రేవులో చెల్లెలికి బదులు ఉతికి వచ్చింది. వచ్చాక నా మొహం చూడ్డం మానేసింది. బట్టలు తీసుకుని తలవంచుకుని పోయేది. ఒకరోజు ఆమె పెరట్లో నీళ్ళు తాగుతుంటే మూట విప్పేశాను.

అడుగున నా కొడుకు దుప్పటి ఉంది. ఎర్రంచు కోసేసి ఉంది. మూలన గీత, రెండు చుక్కలు.

పరిగెత్తి ఆమె జుట్టు పట్టుకున్నాను. "నా బిడ్డని మింగింది నువ్వా!"

"కొట్టు కోడలమ్మా, కొట్టు. అరవబాక. అరిస్తే వాడికి తెలిసిపోద్ది."

"ఎవడికే?"

"ఒకింటి మైలగుడ్డ ఇంకో ఇంట్లో విప్పనని మా అమ్మకి ఒట్టేశాను. పది రోజుల్నించీ ఆ ఒట్టే గొంతులో అడ్డం పడి ఉంది." నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ నూలాయన ఇంటి బట్టల్లో వచ్చింది. మరక పోగొట్టమని వేశారు. తిరిగివ్వకుండా తెచ్చేశాను."

నేను నమ్మలేదు. "మీ ఆయన మీదికి రాకుండా ఆ పెద్దమనిషి మీదికి తోస్తున్నావా?" అన్నాను. నలుగురూ చేరి ఆమెని ఠాణాకి తీసుకుపోయారు. నేనే ముందు నడిచాను. రెండు రోజులు అక్కడ కూచోబెట్టారు. ఈ ముక్క రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

ఇనస్పెక్టరుగారు దుప్పటి తిరగేసి తిరగేసి చూసి దళారీ ఇల్లు సోదా చేయించారు. అటక మీద నా చీరలు మూడు, మడత విప్పకుండా దొరికాయి. వాడు నూలు మనిషి. బట్టని అంచు చూసి గుర్తుపడతారని వాడికి తెలుసు, అందుకే అంచు కోశాడు. చుక్కల్ని మరక అనుకుని, పోగొట్టమని చాకలి చేతికే ఇచ్చాడు.

బందరు కోర్టులో వాడి ప్లీడరు ఆమెని నిలదీశాడు. "ఈ చుక్కలు నువ్వే తర్వాత పెట్టావు. కాదా?"

"మీ కోటు కాలరు ఓసారి తిప్పండి బాబూ."

జడ్జీగారు తిప్పమన్నారు. ఆమె దగ్గరికెళ్ళి చూసింది. "మూడు గీతలు, ఒక సున్నా. ఇది నేను పెట్టలేదు బాబూ. మీ చాకలినడగండి, మీరెవరో మీకన్నా బాగా చెబుతాడు." కోర్టంతా నవ్వింది. నా కొడుకు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

వాడికి శిక్ష పడింది. తీర్పులో హత్య అన్న మాట ఎక్కడుందో గుమాస్తా చేత చూపించుకుని, దాని మీద వేలుపెట్టి కూడబలుక్కుని చదివాను.

అయితే సగం ఊరు ఆమెకి బట్టలు వెయ్యడం మానేసింది. "దానికి వేస్తే ఠాణాకి వేసినట్టే" అన్నారు. నేను ఆమె గుడిసెకి వెళ్ళి "అక్కా" అన్నాను. "అక్కనంటే ఏడాదికో చీర పెట్టాలి మరి, చూస్కో కోడలమ్మా" అంది. ఠాణా మాట ఎత్తనేలేదు, అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా.

తర్వాత్తర్వాత ఎవరింట్లో మనిషి అనుమానంగా పోయినా, ఆడపిల్లకి అన్యాయం జరిగినా ఆమెకి కబురొచ్చేది. నన్నూ రమ్మనేది. పక్క ఊళ్ళో ఒక కూలి పిల్లని చెరుకు తోటలో ఎవరో చెరిపి, కొట్టి, కొనప్రాణంతో పడేస్తే, పరువుపోతుందని తల్లి ఆ పిల్ల పరికిణీ బానలో ముంచబోయింది. చాకలమ్మ బానకి అడ్డంగా కూచుంది. "ఉతకొద్దు తల్లీ. పుట్టిన కాణ్ణుంచీ ఉతుకుతున్నదాన్ని చెబుతున్నా, ఇది మాత్రం ఉతకొద్దు. ఇనస్పెక్టరు చూడాలి." ఆ పిల్ల మాట్లాడేదాకా నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉంది. గంజి తాగించింది, తల దువ్వింది. నన్ను పక్కన కూచోమంది. "నువ్వేం చెప్పక్కర్లేదు. కూచో. బిడ్డ పోయినా కోర్టుదాకా నిలబడ్డదానివి, నిన్ను చూస్తే దానికి ధైర్యం."

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమెని వాకిట్లో పడుకోబెట్టారు. ఎవరి వంకా చూడకుండా తిన్నగా వెళ్ళి మెడ మీది గుడ్డ తొలగించాను. చేతులు తిప్పి చూశాను. బట్టలుతికే సౌడుమట్టికి పగిలిన తెల్లటి వేళ్ళు తప్ప ఏమీ లేవు. తలెత్తితే ఆమె కూతురు నన్నే చూస్తోంది. నాకు సిగ్గేసింది.

"చూడమ్మా, చూడు. అమ్మే చెప్పింది. కోడలమ్మ వచ్చి మెడ చూస్తది, కోప్పడబాకండి, చూడనివ్వండి అని. నీళ్ళు నేనే పోశాను. జ్వరమేనమ్మా."

అప్పుడు ఏడ్చాను.

ఇంటికొచ్చి మగ్గం మీదున్న తెల్లబట్ట నేసినంత మేర కోసి పట్టుకెళ్ళాను. ఆమె కూతురు కప్పబోతుంటే ఆగమని, "జీడిగింజ, సూది తేవే" అన్నాను.

"పోయినోళ్ళ గుడ్డకి గుర్తెందుకమ్మా?"

"మా ఇంటిది పెట్టు."

ఆ పిల్ల పెట్టింది. ఒక గీత, కింద రెండు చుక్కలు. పెట్టగానే అది లేత గోధుమరంగులో ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. పాడె కాలవ గట్టెక్కింది. నేను రేవు దగ్గరే ఆగిపోయాను. గాలికి ఆ బట్ట మూల ఒకటి లేచి లేచి పడుతోంది. గట్టు మలుపు తిరిగే దాకా చూస్తూనే ఉన్నాను. రెండు చుక్కలూ అప్పటికే నల్లబడ్డాయి.