మందలో కలుపుదామనుకున్న కారు

సొంత కారును ఓడ ఎక్కించి మస్కట్ తీసుకుపోదామని బొంబాయి దాకా నడుపుకుంటూ వెళ్ళిన మనిషిని నేను. కొత్తకోట బస్టాండులో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు నన్ను రేవులో పోలీసులు పట్టుకున్నారంటారు. కొందరు కారు సముద్రంలో పడిందంటారు. రెండూ అబద్ధాలే. జరిగింది అంతకంటే సిగ్గుచేటు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి, నా సిగ్గు సంగతి ఇంకొకరు చెప్పేకంటే నేనే రాసుకోవడం నయం.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. బాపు పంపకాలు చేసినప్పుడు మా అన్నదమ్ములు గొర్రెలను ఉంచుకున్నారు. నేను మాత్రం నా వంతు మందను అమ్మి పాత నల్ల అంబాసిడర్ కొన్నాను. బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు.

“గొర్రె అయితే యాడాదికో పిల్లనేస్తది. గిదేం ఏస్తదిరా?”

“పొగ ఏస్తది బాపూ” అన్నాను. ఆయన నవ్వలేదు.

పొగే వేసినా, ఆ కారే మాకు తిండి పెట్టింది. మహబూబ్‌నగర్ దవాఖానకు రోగులను, నారాయణపేటకు చీరల బేరగాళ్ళను, చుట్టుపక్కల ఊళ్ళకు పెళ్ళివాళ్ళను తిప్పేవాణ్ణి. కొత్తకోట నుంచి హైదరాబాదు రోడ్డు మీద ఎక్కడ గుంత ఉందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా గొప్ప. అందులో సగం గుంతల్లో నేను పడ్డాను కాబట్టే తెలుసు.

ఎనభైల నడుమ అందరికీ గల్ఫు పిచ్చి పట్టింది. బస్టాండు వెనక షెడ్డులో నా కారు బాగుచేసే మెకానిక్ భాయ్ ఉండేవాడు. ఆయన తమ్ముడు మస్కట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. ఆ షేక్‌కు ఇంకో డ్రైవరు కావాలంటే ఆ తమ్ముడే నా పేరు చెప్పి వీసా పంపాడు. నేను బొంబాయిలో విమానం ఎక్కాల్సిన రోజు కూడా ఖాయమైంది.

ఊళ్ళో ఎవరైనా అయితే ఉన్న బండిని అమ్ముకునో, ఇంట్లో వాళ్ళకు అప్పగించో పోతారు. నాకు మాత్రం వేరే తెలివి పుట్టింది.

మా కాపరుల్లో ఒక వాడుక ఉంది. ఒకరి మందకు జీతానికి కుదిరిన కాపరి తన సొంత గొర్రెలు నాలుగో అయిదో వెంట తెచ్చుకొని యజమాని మందలో కలుపుకుంటాడు. మేత అదే, నీళ్ళు అవే, కాపలా తనదే. పుట్టిన పిల్లలు మాత్రం కాపరివే. అందుకు ఏ యజమానీ కాదనడు. తన గొర్రెలు కూడా ఉంటే కాపరి మందను ఇంకా భద్రంగా చూస్తాడని వాళ్ళ లెక్క. మా బాపు అట్లాగే పెరిగాడు. షేక్‌కు ఆరు కార్లున్నాయని భాయ్ తమ్ముడు చెప్పాడు. అక్కడ పెట్రోలు నీళ్ళకంటే చవక అని కూడా చెప్పాడు. ఆరు కార్ల మందలో నా ఒక్క కారు కలిస్తే ఆ షేక్‌కు ఏం తెలుస్తుంది? పనిరోజుల్లో ఆయన కార్లు నడుపుతాను, సెలవు రోజున నా కారు కిరాయికి తిప్పుకుంటాను. ఇంత సులువైన సంగతి గల్ఫు పోయినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదే అని వాళ్ళ మీద జాలి పడ్డాను.

నా భార్యకు చెప్పాను. ఆమె జొన్నరొట్టె కొడుతూ తల ఎత్తలేదు.

“కారు ఈడనే పెట్టిపో. మా తమ్ముడు నడుపుతడు. నీ పైసలొచ్చే దాంక ఇల్లెట్ల ఎల్లాలె మరి?”

“నీ తమ్ముడా? ఆడు మల్పుకాడ బ్రేకేస్తే ఎన్క కూసున్నోళ్ళు ముంగట పడ్తరు.”

“నువ్వేస్తే పడరా? మొన్న పెండ్లిపిల్ల ముక్కుపుల్ల సీటు కింద దొర్కలేదా?”

“అది ఎద్దు అడ్డమొచ్చి.”

“గొర్రె అంటే నడ్సుకుంట పోతది. నీ కారు సముద్రంల ఈదుతదా?”

“ఓడల పోతది. లారీలే పోతున్నయంట ఓడలల్ల.”

“పోనీ. మాకేముంటది ఈడ? నువ్వు బోతివి, కారు బాయె.”

మాటల్లో ఓడినప్పుడల్లా నేను గొంతు పెంచేవాణ్ణి. ఆ రోజూ పెంచాను.

నిజానికి నన్ను ఆపే సాక్ష్యం నా కారులోనే ఉంది. భాయ్ తమ్ముడు షేక్ కారులో కూర్చుని దిగిన ఫొటో పంపితే, దాన్ని ముందు అద్దానికి అతికించుకున్నాను. రోజూ దాన్ని చూస్తూ బండి నడిపాను. అందులో స్టీరింగు ఎడమ వైపు ఉంది. ఒకరోజు అనుమానం వచ్చి షెడ్డుకు పోయాను.

“భాయ్, నీ తమ్ముడు ఎడమ దిక్కు కూసున్నడేంది?”

ఆయన చేతికున్న గ్రీజు తుడుచుకొని ఫొటోను ఎండకు పట్టి చూశాడు. “ఉల్టా కడిగిండ్రు యార్. స్టూడియోవాలాలకు ఎప్పుడూ జల్దీనే. నా షాదీ ఫొటోల గూడ గట్లనే అయింది, దుల్హన్ గీ బాజుకుండాల్సింది గా బాజుకొచ్చింది.”

ఆ కారు వెనక గోడ మీద ఒక బోర్డు, దాని నిండా అరబ్బీ రాతలు కూడా ఉన్నాయి. అరబ్బీ అక్షరం ముక్క వచ్చినవాడు ఎవడైనా ఆ బోర్డు చూసి ఫొటో తిరగబడలేదని చెప్పేవాడు. కానీ భాయ్, నేను ఇద్దరం వేలిముద్రగాళ్ళమే. ఇంజను చప్పుడు విని ఏ వాల్వుకు జబ్బు చేసిందో చెప్పగలిగిన ఆ మనిషి ఆ ఫొటోను నాకు తిరిగి ఇచ్చాడు. నేనూ నమ్మాను. నాకు నమ్మాలని ఉంది.

ఆయన తమ్ముడికి కారు సంగతి చెప్పొద్దని కూడా నేనే అన్నాను. నా నల్ల కారు ఓడ దిగుతుంటే షేక్, భాయ్ తమ్ముడు ఇద్దరూ ఒక్కసారే చూసి నోరెళ్ళబెట్టాలని నా కోరిక.

తయారీ చూడాల్సిందే. కారుకు కొత్త రంగు వేయించాను. కిటికీలకు పూల తెరలు పెట్టించాను. అక్కడ సామాన్లు దొరకవని భాయ్ చెబితే రెండు సైలెన్సర్లు, నాలుగు ఫ్యాను బెల్టులు, ఒక రేడియేటరు డిక్కీలో పెట్టుకున్నాను. మిగిలిన జాగాలో జొన్నపిండి, పచ్చడి. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాను. కారును ఓడ ఎక్కించే దాకా వస్తానని భాయ్ పక్క సీటులో కూర్చున్నాడు. నా భార్య గడపలో నిలబడి నన్ను చూడలేదు, కారునే చూసింది.

షోలాపూర్ మీదుగా పోయాం. ఖండాలా ఘాటులో కారుకు సలసల కాగే జ్వరం వచ్చింది. భాయ్ దిగి నీళ్ళు పోస్తూ, “సముద్రం గాలి తగిలితే సల్లబడ్తది తియ్” అన్నాడు. మాకిద్దరికీ అంత ధైర్యం.

బొంబాయిలో ఓడలకు సరుకు రాయించే ఒక దఫ్తరు ముందు కారు ఆపాను. అక్కడి గుమాస్తా నా యాస వినగానే నవ్వాడు. “మనది పాలమూరేనా? మాది నారాయణపేట దిక్కు” అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చాయ తాగించి, కారు చూస్తానని కిందికి వచ్చాడు. రంగు బాగుందన్నాడు. కుడివైపు తలుపు తీశాడు, స్టీరింగును చూశాడు, మళ్ళీ తలుపు వేశాడు.

“అన్నా, స్టీరింగు గీ దిక్కే ఉన్నదా?”

“ఇంకే దిక్కుంటది సార్?”

“ఆడ బండ్లన్నీ రోడ్డుకు కుడి దిక్కు నడుస్తయి. స్టీరింగు ఎడమకుంటది. నీ కారును రోడ్డెక్కనియ్యరు. ఆడ దించినా మూలకు పెట్టి సూసుకునుడే.”

నేను కోపంగా ముందు అద్దం మీది ఫొటో పీకి ఆయన చేతిలో పెట్టాను, నా వైపు సాక్ష్యం అన్నట్టు. ఆయన ఒక్క నిమిషం చూశాడు.

“గిన్ని దినాలు దీన్ని ముంగట పెట్టుకొనే నడిపినవా?”

“ఉల్టా కడిగిండ్రు సార్.”

“సక్కగనే కడిగిండ్రు. గీ అరబ్బీ రాతలు నాకు దినాం కనవడేటియే.”

భాయ్ వెనక్కి తగ్గే మనిషి కాదు. “రెండు దినాలు టైమియ్యి సాబ్, స్టీరింగు గీ బాజుకు మార్పిస్త” అన్నాడు. గుమాస్తా కడుపు పట్టుకొని అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు.

విమానం మూడో రోజే. కారును తిరిగి కొత్తకోటలో దించి బొంబాయికి రావడానికి వ్యవధి లేదు. కారును వదలకుండా ఇంటికి పోతే వీసా పోతుంది, మస్కట్ పోతే కారు పోతుంది. గేటు దగ్గర పాత బండ్లు కొనే ఒకాయన అప్పటికే కారు చుట్టూ తిరుగుతున్నాడు, బాపు తిరిగినట్టే. టైరును కూడా తన్నాడు. నేను తాళం చెవి చేతిలో పట్టుకొని నిలబడ్డాను. అమ్మితే బాపు పంచి ఇచ్చిన మంద ఆ గేటు దగ్గరే ఆఖరు. “మాకేముంటది ఈడ?” అన్న నా భార్య మాట అప్పుడు వినిపించింది. ఇంట్లో అన్నప్పుడు వినలేదు.

“నేను తోల్కపోత” అన్నాడు భాయ్.

“నువ్వా? నీ షెడ్డు ఇడ్సి బస్టాండు దాటి ఎన్నడన్న నడిపినవా?”

“లైసెన్సున్నది.”

“ఉన్నది, వాడినవా?”

“ఇంజను తెల్సినోనికి రోడ్డు తెల్వదా యార్? మైల్ మైల్‌కు ఆపి సూసుకుంట పోత.”

మలుపు దగ్గర గట్టిగా బ్రేకు వేస్తాడని బామ్మర్దికి ఇవ్వని కారును, మలుపే ఎరగని మనిషికి ఇచ్చాను. మూడుసార్లు ఇంజను ఆగింది. నాలుగోసారి కదిలింది. ఎడమకు తిరుగుతానని లైటు చూపించి నేరుగా పోయింది. డిక్కీలో సైలెన్సర్లు గలగలమన్నాయి. నా జొన్నపిండి కూడా అందులోనే పోయింది.

మస్కట్‌లో షేక్ తెల్లకారు నన్ను ఇంకా నవ్వులపాలు చేసింది. మొదటి రోజు ఆయన ముందే దర్జాగా కుడివైపు తలుపు తీసుకొని కూర్చుని, స్టీరింగు కోసం చేతులు చాపాను. ఏమీ లేదు. డ్రైవరు మాలిక్‌లా కూర్చున్నాడని షేక్ నవ్వాడు. తర్వాత నెల రోజులు గేరు కోసం ఎడమచేయి పోతే తలుపు పిడి దొరికేది. రెండుసార్లు నడుస్తున్న కారు తలుపు తెరిచాను.

కానీ నా ఫికరంతా నా కారు మీదే. నెల దాటినా కబురు లేదు. ఆఖరికి నా భార్య ఎవరితోనో రాయించిన ఉత్తరం వచ్చింది. మా గదిలో చదువు వచ్చినవాడు కరీంనగర్ ఆయన ఒక్కడే. ఆయన మంచం మీద నిలబడి అందరికీ వినబడేలా చదివాడు.

“కారు ముట్టింది. మెకానిక్ అన్న ఎనిమిది దినాలు నడిపిండు. ముంగటి లైటొకటి పల్గింది. మా తమ్ముడు నడుపుతున్నడు. పెండ్లి కిరాయిలు నువ్వున్నప్పటికన్న ఎక్కువొస్తున్నయి, ఎందుకంటే ఆడు పెండ్లోళ్ళతోని కొట్లాడడు. రెండు సైలెన్సర్లున్నయి, కొనేటోళ్ళెవ్వరు లేరు. సముద్రం ఎట్లున్నదో రాయి.”

గదిలో అందరూ మంచాల మీద పడి దొర్లారు. నేనూ నవ్వాను, కన్నీళ్ళు వచ్చేదాకా. కారు ఇంటి ముందు ఉంది. అది చాలు.

అప్పటి నుంచి నా ఉత్తరం వస్తే పక్క గదులవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. నాలుగైదు ఉత్తరాలు ఓర్చుకున్నాను. తర్వాత కరీంనగర్ ఆయన్ను అక్షరాలు నేర్పమని బతిమాలాను. నాకు చదువు వస్తే గదిలో తమాషా పోతుందని ఆయన చాలా రోజులు ఒప్పుకోలేదు. పొద్దున షేక్ కార్ల మీద ఇసుకదుమ్ము సన్నగా పరుచుకొని ఉండేది. తుడిచే ముందు ఆరు కార్ల బానెట్ల మీదా వేలితో అక్షరాలు దిద్దేవాణ్ణి. తొందరలో ఒకరోజు ఒక కారు తుడవడం మరిచాను. షేక్ నా ‘క’ గుణింతంతో ఊరంతా తిరిగి వచ్చాడు.

నా అంతట నేను చదివిన మొదటి ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. అందులో ఆమె ఇట్లా రాయించింది. “నువ్వు కూసునే జాగల సీటు గుంత పడ్డది. తమ్మునికి ఎత్తు సాల్తలేదు. దూది నింపియ్యాల్నా, నువ్వొచ్చేదాంక గట్లనే ఉంచాల్నా?”

ఆ ఒక్క మాటకు జవాబు రాయడానికి ఇంకో మూడు రోజులు తీసుకున్నాను. నా చేతితో రాసిన మొదటి ఉత్తరంలో ఒకే మాట ఉంది. “నింపియ్యి.”

తొంభైల మొదట్లో తిరిగి వచ్చాను. బామ్మర్ది, నా భార్య హైదరాబాదుకు కారు తెచ్చారు. బామ్మర్ది తాళం చెవి నా ముందు పట్టుకొని, “బావా, నువ్వు నడుపుతవా?” అన్నాడు. అప్పటికే నేను డ్రైవరు సీటు అదే అనుకొని ఎడమ తలుపు తీసి, కూర్చుని, స్టీరింగు వెతుకుతున్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. దిగడానికి మొహం చెల్లలేదు.

“నువ్వే పోనియ్యి” అన్నాను.

షాద్‌నగర్ దాటాక మలుపు దగ్గర వాడు బ్రేకు వేశాడు. నా నుదురు అద్దానికి తగిలింది, సరిగ్గా ఒకప్పుడు ఫొటో అతికించిన చోట. వెనక సీటులో నుంచి నా భార్య, “ఎద్దొచ్చిందా?” అని అడిగింది.

రోడ్డు మీద ఎద్దు లేదు. “ఆఁ, వచ్చింది” అన్నాను.