అరవడం రాని వాళ్లకు ఏ విద్య?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇంజెక్షన్ సీసాలు నింపే ఒక మందుల ఫ్యాక్టరీలో నేను సంక్షేమాధికారిగా పనిచేశాను. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక నవంబరు సోమవారం ఉదయం ప్లాంట్ మేనేజర్ గారు పిలిపించి నాకొక పని అప్పగించారు. ఆరు వారాల్లో స్టెరైల్ ఏరియాలో పనిచేసే ముప్పైమంది మహిళలకు ఏదైనా ఒక యుద్ధవిద్య నేర్పించాలి. ఏ విద్య అన్నది నేనే తేల్చుకోవాలి. క్యాంటీన్ పప్పు నీళ్లలా ఉందన్న ఫిర్యాదు మొదలుకొని బాత్రూం గొళ్లెం దాకా నేను తీర్చని పంచాయితీ లేదు గాని, మనిషిని కింద ఎలా పడేయాలో మాత్రం నాకు ఓనమాలు కూడా తెలియవు. అప్పటికి నా వయసు యాభై అయిదు.

సంక్షేమాధికారి అంటే చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. అయిదు వందలు, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో ఈ ఉద్యోగి ఉండి తీరాలని చట్టం. విశ్రాంతి గదులు, క్యాంటీన్, పిల్లల గది, కార్మికుల గోడు వినడం మా పనులు. హోదా డిప్యూటీ మేనేజర్‌తో సమానం. మాట చెల్లుబాటు మాత్రం క్యాంటీన్ కాంట్రాక్టర్ కన్నా ఒక మెట్టు కింద.

ఈ పని నా నెత్తిన పడడానికి కారణం అంతకు ముందు వారం జరిగిన సంఘటన. ఉదయం ఆరుకు ముందు ఆడవాళ్లను పనిలో పెట్టకూడదు కనుక మా ఫస్టు షిఫ్టు సరిగ్గా ఆరింటికి మొదలయ్యేది. అంటే వాళ్లు అయిదున్నరకే హైవే మీద బస్సు దిగి, ఫ్యాక్టరీ గేటు దాకా పావుగంట నడవాలి. నవంబరులో ఆ వేళకు ఇంకా తెల్లవారదు. ఇస్నాపూర్ అవతలి పల్లె నుంచి వచ్చే యాదమ్మను ఆ దారిలో ఇద్దరు బైకు మీద వచ్చి చున్నీ పట్టి లాగారు. ఆమె టిఫిన్ సంచీ గుండెకు హత్తుకుని కూలబడింది. వాళ్లు నాలుగడుగులు ఈడ్చి వదిలేసి పోయారు. మోచేతులు చీరుకుపోయాయి. ఇరవై అడుగుల ముందు నడుస్తున్న తోటివాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు, ఎందుకంటే బండి చప్పుడు తప్ప వాళ్లకు ఏ కేకా వినిపించలేదు.

మేనేజర్ గారు మంచి మనసుతోనే ఒక పరిష్కారం ఆలోచించారు. ఆడవాళ్లందరినీ తొమ్మిదింటి జనరల్ షిఫ్టుకు మార్చేద్దామన్నారు. ఆ మాట తెలియగానే యాదమ్మ నా గదికి వచ్చింది. ఆమె భర్తది పక్క ఫ్యాక్టరీలో సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే సెకండ్ షిఫ్టు. ఇద్దరు చిన్నపిల్లలు.

“పొద్దుగాల పిల్లలు ఆయన తాన, పగటీలి సంది నా తాన. జనరల్ షిఫ్టంటే ఎట్లయితది మేడం? ఇగ కాయితం రాసిచ్చి ఇంట్ల కూసునుడే.”

మరో పదకొండు మంది పరిస్థితి అదే. నేను మేనేజర్ గారితో వాదించాను. కాస్త గొంతు కూడా పెంచాను, నాకది మొదటి నుంచీ ఉన్న రోగమే. చివరికి ఆయన ఆరు వారాల గడువు ఇచ్చారు. తమను తాము కాపాడుకోగలరని చూపిస్తే షిఫ్టు ఉంటుంది, లేదంటే జనవరి నుంచి మార్పు.

ఫ్యాక్టరీ మనిషిని కదా, ముందు ఒక పట్టిక గీశాను. కరాటే, తైక్వాండో, బాక్సింగ్, కర్రసాము అని నిలువు గళ్లు. నేర్చుకోవడానికి పట్టే కాలం, కావలసిన చోటు, వేసుకోవలసిన బట్టలు, దెబ్బలు తగిలే అవకాశం అని అడ్డు గళ్లు. పంపు కొనేటప్పుడు స్టోర్సు వాళ్లు గీసే పట్టిక కూడా ఇలాగే ఉంటుంది. చాలా ముచ్చటపడ్డాను దాన్ని చూసి.

మొదట బీరంగూడలో ఒక మిఠాయి కొట్టు మీద నడిచే కరాటే క్లాసుకు వెళ్లాను. మాస్టరు పాతికేళ్ల కుర్రాడు, హుషారైనవాడు. “చూస్తే తెలీదు ఆంటీ, చేస్తేనే తెలుస్తుంది” అని నన్ను ఆరేళ్ల పిల్లల వరుసలో నిలబెట్టాడు. ఆంటీ అన్నందుకు మండిపోయినా నిలబడ్డాను. నా పక్కన ముందు పళ్లు ఊడిన ఒక పాప నా పిడికిలి విప్పి, బొటనవేలు లోపల కాదు బయట పెట్టాలని చూపించింది. ఇరవై నిమిషాల తర్వాత కింద మిఠాయి కొట్లో కూర్చుని అరకిలో జిలేబీ కట్టించుకున్నాను. మర్నాడు ఆఫీసు కుర్చీలో కూర్చోవడానికీ లేవడానికీ పక్కవాళ్ల సాయం కావలసి వచ్చింది. అయినా ఆ కేకలూ, ఆ ఊపూ నాకు నచ్చాయి. కరాటే ఖాయం చేశాను.

షిఫ్టు దిగాక రెండుంబావు నుంచి మూడింటి దాకా క్యాంటీన్ హాల్లో క్లాసు. బల్లలన్నీ గోడకు జరిపించాను. మాస్టరు ఒక గుద్దు గుద్ది పైకప్పు రేకులు అదిరేలా అరిచాడు. అందరూ అలాగే అరవాలన్నాడు. ముప్పైమంది కలిసి “హా” అన్నారు, వేడి చాయ్ మీద ఊదినట్టు. ఇంకా గట్టిగా అన్నాడు. మళ్లీ ఊదారు.

“సార్, మెల్లగ అంటె నడ్వదా?” అని యాదమ్మ మర్యాదగా అడిగింది.

గుద్దమంటే చెయ్యి నెమ్మదిగా ముందుకు చాపి, అంతే నెమ్మదిగా రొమ్ము ముందుకు తెచ్చుకునేవారు. కదలమంటే ముందు అడుగు పెట్టే చోటు చూసుకుని, తర్వాత కాలు కదిపేవారు. మూడు రోజులు చూసి మాస్టరు చేతులెత్తేశాడు. వీళ్లకు భయం ఎక్కువ, కరాటే రాదన్నాడు. నాకు కోపం వచ్చి పంపించేశాను.

తర్వాత తైక్వాండో. అందులో కాలు తల దాకా లేవాలి. రెండో రోజే ఒకామెకు తొడ కండరం పట్టేసింది. ప్రథమ చికిత్స రిజిస్టరులో ‘ప్రమాద కారణం’ అని ఒక గడి ఉంటుంది. మా కాంపౌండరు అందులో ‘ఎదుట లేని శత్రువును తన్నబోయి’ అని రాశాడు. సేఫ్టీ విభాగం వాళ్లు ఆ వాక్యాన్ని నెల రోజులు చెప్పుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండు వారాలు గడిచిపోయాయి, యాదమ్మ రోజూ నా మొహం వంక చూస్తోంది.

మా సెక్యూరిటీ సూపర్‌వైజర్ మల్లారెడ్డి వయసులో ఉన్నప్పుడు సంగారెడ్డిలో కుస్తీ పట్టినవాడు. తన గురువు ఖలీల్ ఉస్తాద్ దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషి, కుస్తీ నేర్పే తాలింఖానా గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. నా పట్టిక చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకోకుండానే తిరిగి ఇచ్చేశారు.

“ఇదంత మంచిదే అమ్మా. గని వాళ్లు పొద్దంత ఏం పని చేస్తరు? నడుసుడు ఎట్ల, చేతులు ఏడ వెట్టుకుంటరు? జెర చూపియ్యుండ్రి.”

అప్పుడు నేను స్టెరైల్ ఏరియా గురించి చెప్పాను. సూక్ష్మజీవి అన్నది లేకుండా సీసాలు నింపే గది అది. కళ్లు తప్ప ఒళ్లంతా తెల్లటి ముసుగు. మనిషి ఒక్కసారిగా కదిలినా, గట్టిగా మాట్లాడినా ఒంటి మీది నలుసులు, నోటి తుంపరలు గాలిలో కలుస్తాయి. అందుకని మెల్లగా నడవాలి. చేతులు నడుము కిందికి దించకూడదు, దేన్నీ తాకకుండా రొమ్ము ముందు ఉంచుకోవాలి. అడుగు వేసేముందు చూసుకోవాలి. అరవకూడదు. ఈ నియమాలన్నీ తెలుగులో రాసి గోడకు పెట్టించింది నేనే. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చదివి వినిపించిందీ నేనే. చెబుతూ చెబుతూ లేచి, ఉస్తాద్ ముందు ఆ నడక నడిచి చూపించాను.

ఆయన మంచం మీద అరచేత్తో చరిచి నవ్వారు.

“అరె, సగం పని అయిపాయె గదమ్మా! చేతులు ముందట వెట్టు, చూసి అడుగెయ్యి అని మా పోరగాండ్లకు ఏడాది తిట్టినా రాదు. వాళ్లకు గుద్దుడు, ఒర్రుడు ఎందుకు? జూడో నేర్పియ్యుండ్రి.”

జూడోలో గుద్దడం, తన్నడం లేవు. ఎదుటివాడి బట్ట పట్టుకుని, వాడి ఒంటి తూకం తప్పించి కింద పడేయడమే. ఉస్తాద్ కూతురు నస్రీన్ పటాన్‌చెరులో ఒక స్కూల్లో అదే నేర్పుతుంది. కబురు పెడితే మర్నాడే వచ్చింది.

జూడోకు పరుపులు కావాలి. మా ప్యాకింగ్ స్టోరులో నాణ్యత చాలక పక్కన పెట్టిన ఫోం షీట్లు గుట్టగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో పనికిరాదని తేల్చిన వస్తువు మీద ఎర్ర చీటీ అంటిస్తారు. ఆ చీటీ పీకే అధికారం క్వాలిటీ విభాగానికి తప్ప ఎవరికీ లేదు. షీట్లు వాడుకోమని రాసిచ్చారు గాని, చీటీలు పీకడానికి ఒప్పుకోలేదు. కనుక మా వాళ్లు ఆరు వారాల్లో మిగిలిన నాలుగూ ‘తిరస్కరించబడినది’ అన్న చీటీల మీదే దొర్లారు. పట్టుకోవడానికి చిరగని బట్ట కావాలంటే మెయింటెనెన్సు వాళ్ల పాత దళసరి కోట్లు తొడిగించాను.

మొదటి వారం నస్రీన్ నేర్పింది పడడం ఒక్కటే. గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచేత్తో నేలను చరుస్తూ పడాలి. ఎవరూ ముందుకు రాలేదు. నేను చేయని పని వాళ్లచేత చేయించడం బాగుండదని నేనే పడ్డాను. ఆ చప్పుడుకు వంటవాళ్లు గరిటెలతో సహా బయటికి వచ్చారు. ముప్పైమందీ పగలబడి నవ్వారు. అంత గట్టిగా వాళ్లు నవ్వగా నేను వినడం అదే మొదలు. ఒళ్లు మండింది, సంతోషమూ వేసింది.

ఆ నవ్వు తగ్గాక యాదమ్మ నన్ను లేపుతూ, తనంతట తానే చెప్పింది.

“ఆ దినం ఒర్రుదామనే అనుకున్న మేడం. నోరు తెరిసిన, సప్పుడు రాలె. పన్నెండేండ్లాయె గద, ఒర్రుడే మర్సిపోయిన.”

నాకు చాలా సిగ్గేసింది. గోడ మీది ఆ నియమాలు నా చేతిరాతవి. గదిలో అరవొద్దని పన్నెండేళ్లు చెప్పాను. గేటు బయట అరవొచ్చని ఒక్కనాడూ చెప్పలేదు. నస్రీన్‌కు ఈ సంగతి చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. మరుసటి రోజు నుంచి పడ్డ ప్రతిసారీ అంకె పైకి చెప్పాలని నియమం పెట్టింది. వినిపించకపోతే ఆ పడడం లెక్కలోకి రాదు, మళ్లీ పడాలి. ఒళ్లు నొప్పుల బాధకు మూడో రోజుకే అందరి గొంతులూ లేచాయి.

ఆరో వారం శనివారం మేనేజర్ గారి ముందు ప్రదర్శన. దాడి చేసేవాడిగా మల్లారెడ్డి తనంతట తానే ముందుకు వచ్చాడు, తొంభై కిలోల మనిషి. యాదమ్మ కోటు భుజం దగ్గర పట్టి లాగాడు. ఆమె తన మామూలు పద్ధతిలోనే నిలబడింది, చేతులు రొమ్ము ముందు, చూపు కాళ్ల దగ్గర. అతను లాగిన వైపుకే ఒక అడుగు వేసి, అతని చేయి పట్టి నడుము తిప్పింది. మల్లారెడ్డి ఎర్ర చీటీల మీద వెల్లకిలా పడ్డాడు. ఆమె వంగి, “అన్నా, దెబ్బ తాకిందా?” అని అడిగింది. హాలంతా చప్పట్లు. మేనేజర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. షిఫ్టు నిలిచిందని నాకు అర్థమై, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సంతోషంలో ఆయన, ఇక భయం లేదు కదా అని యాదమ్మను అడిగారు. లేదు సార్ అంటుందని నేనూ, ఆయనా, అందరం అనుకున్నాం.

“భయం ఏడికి వోతది సార్? వాళ్లు ఇద్దరొస్తరు, బండి మీదొస్తరు. మల్లన్న లెక్క ఒక్కడు నడిసొచ్చి పట్టుకుంటడా? ఆ తొవ్వల ఒక్క లైటు లేదు. ముందట ఎవలున్నరో కండ్లకు ఆన్తలేదు. షిఫ్టు మార్సుడు ఎందుకు సార్, లైట్లు పెట్టియ్యుండ్రి. బస్సుకాడికి బండి పంపుండ్రి.”

ఆ గొంతు వెనక గిన్నెలు కడిగే చోటు దాకా వినిపించింది. మేనేజర్ గారు నా వైపు చూశారు. నేను నేర్పించిన మాటలని అనుకున్నారు. కాదు. ప్రదర్శనకు ముందు నేనిచ్చిన నివేదికలో ఈ విషయం ఉందా అని అడిగారు. నా నివేదిక ఆరు పేజీలు. కరాటేకూ జూడోకూ తేడా ఏమిటో, ఏ విద్యకు ఎంత చోటు కావాలో అందులో ఉంది. లైట్ల మాట లేదు. లేదని ఒప్పుకున్నాను.

నెల తిరక్కుండా ఆ దారి పొడవునా ఫ్యాక్టరీ కరెంటుతోనే దీపాలు వెలిగాయి. హైవే నుంచి గేటుకు ఒక వ్యాను తిరగడం మొదలైంది. ఫస్టు షిఫ్టు అలాగే ఉంది. యాదమ్మ ఇప్పటికీ అందులోనే పనిచేస్తోంది. నేను రిటైరయ్యే లోపు జూడోలో పసుపు బెల్టు దాకా వచ్చి ఆగాను, మోకాళ్లు అంతకు మించి ఒప్పుకోలేదు.

కొత్తగా ఏ యుద్ధవిద్య నేర్చుకోవాలని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, మీరు పొద్దంతా ఏం పని చేస్తారని అడుగుతాను, ఖలీల్ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది అదే. రెండోది యాదమ్మ దగ్గర నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు నేను స్టాఫు బస్సులో, బాగా తెల్లవారాక గేటు ముందు దిగాను. హైవే నుంచి గేటు దాకా ఆ దారిలో చీకటి వేళ ఒక్కసారి కూడా నడవలేదు. నడిచి ఉంటే నా నివేదిక అర పేజీలో అయిపోయేది.