రేకుల హాల్లో మాట పోయింది

కరోనా తగ్గి సినిమా హాళ్లు మళ్లీ తెరిచిన ఏడాది సంగతి ఇది. ఊరు వినుకొండ. మా హాలుకి బోర్డు మీద పెద్ద పేరే ఉంది గానీ, పైకప్పు రేకులు కాబట్టి ఊళ్లో అందరూ రేకుల హాలు అంటారు. నేను అందులో ఆపరేటర్‌ని, అంటే క్యాబిన్‌లో ఉండి బొమ్మ వేసేవాడిని. పేరు మస్తాన్. పెళ్లి కాకముందు చేరాను, ఇప్పుడు మనవడు బడికి పోతున్నాడు. నాకు ముక్కు మీద కోపం అంటారు. కాదనను. ఈ వ్యవహారం అంతగా ముదరడానికి సగం కారణం ఆ కోపమే.

ముందు హాలు సంగతి చెప్పాలి. మొదట్లో ఇది డేరా హాలు. తర్వాత గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేలలో మాత్రం ఆడవాళ్లకు అడ్డగోడ కట్టి వేరే వైపు. నేను చేరినప్పుడు ప్రొజెక్టర్‌లో కార్బన్లు కాల్చేవాళ్లం. కార్బన్ అంటే పెన్సిల్ లావు కడ్డీ. రెండు కడ్డీల మధ్య రగిలే వెలుగుతోనే తెర మీద బొమ్మ పడేది. అవి అరిగేకొద్దీ జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరుపాటుగా ఉంటే తెర పసుపెక్కేది. వెంటనే నేల క్లాసు నుంచి "ఒరేయ్ మస్తానూ, నిద్రపోయావంట్రా!" అని కేకలు. అందుకని షో నడుస్తుండగా క్యాబిన్ వదిలి అడుగు బయట పెట్టింది లేదు.

షోకి ముందు కప్పు మీది మైకులో దేవుడి పాట వేసేవాళ్లం. అది వినగానే కొండ కింద ఇళ్లలో ఆడవాళ్లు గబగబా పొయ్యి ఆర్పి బయలుదేరేవాళ్లు. నూజెండ్ల బస్సు ఫస్ట్ షో విడిచేదాకా స్టాండులో ఆగేది. డ్రైవరు కూడా మా హాల్లోనే ఉండేవాడు మరి. ఇప్పుడు డిజిటల్ వచ్చింది. రీళ్లు లేవు, కడ్డీలు లేవు. మీట నొక్కితే సినిమా దానంతటదే ఆడుతుంది.

హాలు తెరిచిన మొదటి ఆట నుంచే గొడవ మొదలైంది. మాటలు వినపడటం లేదని జనం. పాటలు మోగుతున్నాయి, ఫైట్లు అదిరిపోతున్నాయి, మాట మాత్రం బావిలో నుంచి వచ్చినట్టుంది. తెర వెనక ఎడమన, కుడిన, మధ్యన స్పీకర్లుంటాయి. పాటా హడావుడీ పక్కవాటిలో వస్తాయి. మనుషుల మాటంతా మధ్యవాటిలో నుంచే. దాన్ని మేము సెంటర్ అంటాం. మా హాలు వెడల్పు కాబట్టి సెంటర్‌లో పెద్ద పెట్టెలు రెండు, పక్కపక్కన ఉంటాయి.

టెక్నీషియన్‌ని పిలిపించాం. క్యాబిన్‌లోని ఆంప్లిఫయర్‌కి ఏవో వైర్లు పెట్టి చూశాడు. తెర వెనక పందికొక్కులున్నాయంటే అటు తొంగి కూడా చూడలేదు. "పాతబడిపోయింది, సెట్టు మొత్తం మార్చాల్సిందే" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఓనరు సాంబశివరావు గారు నన్ను పిలిచారు. మంచి మనిషే. అలిసిపోయి ఉన్నారు.

"మస్తానూ, ఇంక నా వల్ల కాదురా. మాటలు వినపడని హాలుకి ఎవడొస్తాడు? పత్తి వ్యాపారి గోడౌనుకి అడుగుతున్నాడు. నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తా."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా జీవితమంతా గడిచిన చోట పత్తి బేళ్లు పేరుస్తారా!

"అయ్యా, నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది. ఈలోపు మాట తెప్పిస్తా."

"తెప్పిస్తే చూద్దాంలే."

ఆ 'లే' నన్ను కాల్చినట్టనిపించింది. తెప్పించి తీరాల్సిందే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే లైటు, కర్ర పట్టుకుని తెర వెనక దూరాను. రెండో పెట్టె వైరు ఊడదీసి మొదటిది ఒక్కటే పలికించాను. శుభ్రంగా ఉంది. మొదటిది తీసి రెండోది పలికించాను. అదీ శుభ్రమే. బూజు దులిపాను, స్క్రూలు బిగించాను, పందికొక్కుల బొక్కలు మూశాను. వారం తిరిగేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను: హాలు బాగానే ఉంది, లోపం జనం చెవుల్లోనే. మాట వినపడలేదన్నవాడినల్లా "గుబిలి తీయించుకో పో" అని తిట్టడం మొదలుపెట్టాను. ఇలాగైతే పత్తి ఆయన నెలాఖరు దాకా కూడా ఆగనక్కర్లేదు.

ఆ శుక్రవారం మ్యాట్నీ విడిచాక, కోటయ్య క్యాబిన్ మెట్లెక్కి వచ్చాడు. ఆయన నవారు మంచాలు అల్లుతాడు. పుట్టుకతోనే చూపు లేదు. అయినా శుక్రవారం మ్యాట్నీ తప్పడు. ఆయన భార్య అనసూయమ్మ పక్కన కూర్చుని బొమ్మంతా చెవిలో చెప్పేది. "చెప్పమ్మా, మేమూ వింటాం" అని వెనక వరసవాళ్లు ఎగతాళి చేసినా ఆపేది కాదు. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. హాలు తెరిచాక ఆయన ఒక్కడే వస్తున్నాడు.

"మస్తానూ, నడిమి పెట్టెలు రెండూ కొట్టుకుంటన్నయ్‌రా" అన్నాడు.

"కొట్టుకోవడమేంది మావా?"

"మాట తెర మీదనించి రావట్లా. నా తల ఎనకనించి వస్తంది. ఆడోళ్ల మాట కాస్త నయం. మగోళ్ల మాటకి కడుపే లేదు, వట్టి గొంతుకే."

"రెండూ విడివిడిగా చూశా మావా. బంగారంలా ఉన్నయ్."

"మేం సినిమా విడివిడిగా వినట్లా గదరా. రెండూ కలిపి విన్నావా?"

నాకు చిర్రెత్తింది. "మంచాలు అల్లుకునే మనిషివి, సౌండు సంగతి నీకేం తెలుసు? పో మావా, పో!" అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు. "మీ అత్త ఉన్నప్పుడు బొమ్మ ఆమె చెప్పేది, మాట నేను వినేవాణ్ణి. బొమ్మ ఆమెతో పోయింది. మాట కూడా నువ్వు తీసేస్తే నాకిక్కడ పనేంది?"

గోడ తడుముకుంటూ దిగిపోయాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. హాలు పోతుందని నేను ఏడుస్తున్నాను. ఆయనకు హాలు అప్పుడే పోయింది, తీసేసింది నేను.

మర్నాడు పొద్దున సినిమా నడిపించి, కిందకి దిగి, కోటయ్య కూర్చునే కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఇన్నేళ్లలో నేను హాల్లో కూర్చుని సినిమా విన్నది అదే మొదటిసారి. ఆపరేటర్‌కి సౌండు వినపడేది క్యాబిన్‌లోని చిన్న స్పీకర్లోనే. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మాట తల చుట్టూ తిరుగుతోంది, మగవాళ్ల గొంతులో బరువు లేదు. లేచివెళ్లి ఒక పెట్టె వైరు పీకాను. మాట తిన్నగా తెర మీదికి వచ్చి కూర్చుంది. మళ్లీ తగిలించాను. పోయింది. ఒకటి ఉంటే ఉన్న మాట, రెండుంటే పోతోంది! పోనీ ఒక్కటే ఉంచుదామంటే అంత హాలుకి అది చాలదు.

తిన్నగా కోటయ్య ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం అల్లుతున్నాడు.

"మావా, నోరు జారాను. తప్పయింది" అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. కానీ రెండూ మంచిగానే ఉన్నయ్, కలిస్తేనే పాడు. ఇదేం ఇచ్చిత్రం?"

ఆయన చేతిలో నవారు ఆపలేదు. "ఈ నవారు పట్టీ మీదనించి పోవాల, తర్వాతది కిందనించి. ఒకటి తప్పిందనుకో. పట్టీల్లో ఏ లోపమూ ఉండదు. మంచం మాత్రం కుంగుద్ది. నీ పెట్టెల్లో ఒకటి తిరగబడిందేమో చూడు."

చటుక్కున వెలిగింది. పరుగున హాలుకి వచ్చి, క్యాబిన్‌లోని గోడ గడియారం నుంచి బ్యాటరీ ఊడబీకాను. స్పీకర్ రెండు వైర్లకూ బ్యాటరీ రెండు కొసలూ ఒక్క క్షణం తాకిస్తే, లోపలి అట్ట బుడుక్కున కదులుతుంది. సరిగ్గా కలిపి ఉంటే ముందుకొస్తుంది, తారుమారైతే లోపలికి పోతుంది. అదీ మా పరీక్ష. మొదటి పెట్టె అట్ట ముందుకొచ్చింది. రెండోది లోపలికి పోయింది. అంటే ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగేస్తోంది. ఆ లాగులాటలో మాట చచ్చిపోతోంది.

ఎవరు కలిపారు అలా? నేనే. లాక్‌డౌన్‌లో హాలు మూసి ఉన్నప్పుడు పందికొక్కులు వైరు కొరికేశాయి. జీతం లేకపోయినా వారానికోసారి వచ్చి హాలు చూసుకునేవాణ్ణి. ఇంట్లో మిగిలిన నల్ల వైరు తెచ్చి, ఎర్రా నల్లా తేడా లేకుండా రెండు కొసలూ బిగించేశాను. నేను మొదట ఇళ్లకు కరెంటు పని చేసినవాణ్ణి. బల్బుకి వైర్లు ఎటు పెట్టినా వెలుగుతుంది. ఆ బల్బు బుద్ధి నన్ను వదల్లేదు. హాలుని కాపాడుతున్నాననుకుంటూ నా చేతులతో నేనే దాని గొంతు నొక్కాను.

కొసలు మార్చి బిగించి, సాంబశివరావు గారి దగ్గరికి వెళ్లాను. చెప్పకుండా ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఊరందర్నీ గుబిలి తీయించుకోమన్న నోరు ఇది. దాంతోనే చెప్పాలి.

"అయ్యా, ఆంప్లిఫయర్ కాదు, సెట్టూ కాదు. తప్పు నాది" అని మొత్తం చెప్పాను.

"ఊళ్లోవాళ్లను అంతేసి తిట్లు తిట్టావు గదరా" అన్నారు ఆయన. తర్వాత, "మరి పత్తి ఆయనకి ఏం చెప్పమంటావు?"

"మాట వచ్చిందని చెప్పండయ్యా."

ఆయన నవ్వారు. హాలు ఇప్పటికీ నడుస్తోంది. నిండిపోతుందని చెప్పను గానీ, మాటలు వినపడలేదని మాత్రం ఎవరూ లేచిపోవడం లేదు. రేపటి సంగతి రేపు. పరికరాలన్నీ విడివిడిగా పరీక్షించి అంతా బాగుందనుకోవడం మా వృత్తిలో పెద్ద మోసం. సినిమా చూసేవాడి కుర్చీలో కూర్చునేదాకా మన పని మనకు తెలియదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం మ్యాట్నీకి ముందు ఆ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాకే గేట్లు తీయిస్తాను.

వైరు మార్చిన తర్వాతి శుక్రవారం కోటయ్యను నేనే ఇంటికెళ్లి తీసుకొచ్చాను. బొమ్మ వేసి, డిజిటల్ పుణ్యమా అని క్యాబిన్ వదిలి, వెళ్లి ఆయన పక్కన అనసూయమ్మ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ లేని లోటు కాస్తయినా తీరుద్దామని నా ఆశ. ఆయన చెవి దగ్గరికి వంగాను.

"మావా, ఇప్పుడు ఆ పిల్ల తలుపు తీసింది. ఎర్ర చీర కట్టుకుంది. తండ్రి వాకిట్లో..."

కోటయ్య మోచేత్తో నా డొక్కలో ఒక్కటి పొడిచాడు.

"నోరు మూసుకోరా మస్తానూ. మాట వినపడతంది."