కుంపటి పక్కన మడ అడవి

బర్మాలో, చౌక్తడా అనే పట్నం పేటలో ఒక పరిశోధన కార్యాలయంలో పనిచేస్తాను. డెల్టా పల్లెల వాళ్ళు మడ అడవుల మీద ఎలా బతుకుతున్నారో, ఆ అడవులను ఎలా కాపాడాలో తేల్చడం మా పని. ఆ ఏడాది డెల్టాకు వెళ్ళడానికి అనుమతి రాలేదు. అందుకని కరెంటు ఉన్నంతసేపు ఏసీలో కూర్చుని అడవిని ఊహించుకునేవాళ్ళం. ‘మడ బొగ్గు కొనకండి’ అన్న పోస్టరు నా ఘనకార్యమే.

ఒక మధ్యాహ్నం కరెంటుతోపాటు జనరేటరు కూడా మొరాయించింది. మా ఆఫీసు పెద్దాయనను పజుండౌంగ్ పేటలో మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. ఆయన్ని అందరం సయా అంటాం, అంటే గురువుగారు. అమ్మ చేపల పులుసు వడ్డించింది. ఆయన ఆవురావురుమని తిని, ఇంత రుచి ఎలా వచ్చిందని అడిగారు.

“మడ బొగ్గు సయా,” అంది అమ్మ బర్మా భాషలో, గర్వంగా.

నాకు పొలమారింది. అమ్మ నావైపు తిరిగి, తాతలనాడు మావాళ్ళు ఇక్కడికి తెచ్చుకున్న తెలుగులోకి దిగింది.

“ఏటే అలా సూత్తావు? కరెంటుండదు, గేసు దొరకదు. నీ పోస్టరు ముట్టించి వొండమంటావేటి?”

ఏమంటోందని సయా అడిగారు. ఇంకొంచెం అన్నం పెట్టుకోమంటోందన్నాను. ఆయన పెట్టుకున్నారు కూడా. చెయ్యి కడుక్కుంటూ, ఆ బొగ్గు ఎవరు తెస్తారని నెమ్మదిగా వాకబు చేశారు.

మంగళవారం బొగ్గులామె వచ్చేసరికి, ప్రశ్నల కాగితాల కట్టతో సయా మా వంటింట్లో పీట మీద సిద్ధంగా ఉన్నారు. ఆమెది డెల్టాలో ఒక పల్లె. పడవలో బోటాటౌంగ్ రేవుకు వచ్చి, అక్కణ్ణుంచి రిక్షాలో బస్తాలు తెస్తుంది. ఎనిమిదేళ్ళుగా వస్తోంది. అడవుల మీద డిగ్రీ చేసిన నేను, నీది ఏ ఊరని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి ఆరోజే తట్టి సిగ్గేసింది.

సయా మొదటి ప్రశ్న చదివారు: “అడవిని ఎందుకు నరుకుతున్నారు?”

ఆమె బర్మా భాషలో ఇచ్చిన జవాబు మా ఇంటి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “కొమ్మలు కొట్టుకుంటాం, మొదలు ముట్టుకోం. ఆ సెట్ల ఏళ్ళ సందుల్లోనే సేపలు పిల్లలు పెడతాయి. మొదలు నరికేత్తే మా ఆయన ఏటి పడతాడు, బురదా? అడివంతా సదును సేసినోళ్ళు రొయ్యల సెరువులోళ్ళు. ఆళ్ళనడిగినారా?”

సయా దగ్గారు. మొన్న అడవుల రక్షణ సదస్సులో రొయ్యల వేపుడు పళ్ళేన్ని మేమిద్దరమే ఖాళీ చేశాం.

“ఈ పని మానేస్తే ఇంకేం పని చెయ్యాలనుంది?” అన్నారు, మాట మార్చి.

“నీ పనే. కుర్సీలో కూకుని ఊళ్ళోళ్ళని పెశ్నలడగడం.”

అమ్మ పగలబడి నవ్వింది. సయా ఆ జవాబును బుద్ధిగా రాసుకున్నారు. తర్వాత కాగితాలు మడిచి సంచిలో పెట్టేసి, ఇంక ఆమెనే చెప్పమన్నారు. ఏ కొమ్మ కొడితే మళ్ళీ చిగురిస్తుందో, ఏ కాలువలో ఎవరు నరకాలో ఊరివాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో, ఎక్కడ అడవి పోయి పీతలు కూడా దొరకడం లేదో ఆమె గంటసేపు చెప్పింది. నేను రాస్తూనే ఉన్నాను. ఆ పోస్టరును మర్నాడు నేనే గోడ మీంచి పీకేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. దాన్ని ఎవరూ చదివినట్టు లేదు.

ఆమె మాటలతో రాసిన నివేదిక అందుకున్న మా విదేశీ దాతలు మా క్షేత్ర పర్యటనను తెగ మెచ్చుకుని, ఫొటోలు పంపమన్నారు. మా దగ్గరున్నదల్లా వంటింటి ఫొటో. అదే పంపాం.

నివేదిక అచ్చుకు వెళ్ళేముందు ఒక మంగళవారం, బొగ్గులామె గురించి రాసిన పేజీని ఆమెకే చదివి వినిపించాను. టీ తాగుతూ శ్రద్ధగా విన్నది. ‘నిరుపేద మహిళ’ అన్న చోట చెయ్యెత్తి ఆపింది.

“అది కొట్టీ. పనున్న మడిసని రాయి.”

కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాను. పడవకు వేళయిందంటూ ఖాళీ గోనెసంచులు చంకన పెట్టుకుని ఆమె మెట్లు దిగిపోయింది.