మట్టికి తోడు

మా మేనత్త పోయిన కబురు, ఆవిడ పంపిన వంకాయల బుట్టతో పాటే వచ్చింది. కొవ్వూరు నుంచి తెచ్చిన పడవవాడు బుట్టను అరుగు మీద దింపి, "తెల్లవారుజామున పోయారండి. ఇది నిన్న సాయంత్రం ఆవిడే సర్దారండి" అన్నాడు.

వార్తలు రాసి బతికేవాణ్ని. చూసింది రాయడం, చూడనిది వదిలేయడం అలవాటు. అత్తయ్య గురించీ అంతే రాస్తాను.

మామయ్య పోయాక ఆవిడకు గోదావరి ఒడ్డున అర ఎకరం మిగిలింది. వంగనారు పోసి రైతులకు అమ్మేది, కొంత తనే నాటుకునేది. చుట్టుపక్కల నారుమళ్లలో మొక్కలు మెడ దగ్గర నల్లబడి, బూజు పట్టి ఒరిగిపోయేవి. ఆవిడ మళ్లలో అది అరుదు. కారణం చూరు కింది బాన. నారు బాగా నిలిచిన మడిలోని మట్టిని, మాగిన పేడ ఎరువుతో కలిపి అందులో ఉంచేది. తడి గోనె కప్పేది. విత్తనం చల్లే ముందు కొత్త మడిలో ఆ మట్టి కలిపేది.

"పాలకి తోడెయ్యమా? మట్టికీ అంతేరా. మంచిది ముందు నిండితే చెడ్డదానికి చోటుండదు" అనేది.

నేను నమ్మలేదు. పక్కపక్కనే రెండు మళ్లు పోయించాను, ఒకదానికి తోడు లేకుండా. పదిహేను రోజులకు తోడు లేనిది సగం ఒరిగింది. రెండోది నిలిచింది. పాలను పెరుగు చేసేవి కంటికి కనబడని జీవులనీ, మట్టిలోనూ అలాంటివి ఉండి బూజును అడ్డుకుంటాయేమోననీ రాజమండ్రిలో ఒక డాక్టరుగారు అన్నారు. అత్తయ్యకు చెబితే, "ఉంటాయి. అందుకేగా ఎండనివ్వను!" అంది.

అడిగినవాళ్లకు కొబ్బరిచిప్పతో ఇచ్చేది. అడగనివాడు పక్క మెరకతోట రైతు ఒక్కడే. కంచె అవతల నుంచి, "వదినా, మట్టి తోడుకుందా? మజ్జిగెప్పుడు చిలుకుతున్నావు?" అనేవాడు.

"నీ బుర్ర పేరుకున్నాక, మరిదీ!"

ఒక ఏడు వరద బానను తీసుకుపోయింది. తోడు తీసుకున్నవాళ్ల పల్లపు మళ్లూ మునిగాయి. కొత్త ఒండ్రులో పోసిన నారు రెండుసార్లు కూలింది. మా నాన్న వచ్చేయమని కబురు పెట్టాడు.

"మీ ఇంట్లో పీటేసుకు కూచుని ఏం చెయ్యనురా? మూడోసారి పోస్తా. అదీ పోతే వస్తాలే" అంది నాతో.

విత్తనం చల్లబోయే పొద్దున పక్క రైతు తట్టతో వచ్చాడు. దించి, తల గోక్కున్నాడు.

"ఏంటది, మరిదీ?"

"మట్టి. నీదే, వదినా."

"నేనెప్పుడిచ్చాను?"

"ఇవ్వలేదు. రెండేళ్ల కిందట నువ్వు సంతకెళ్లినప్పుడు పట్టుకెళ్లి నా మడిలో కలిపాను. మెరక కదా, మునగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు."

అత్తయ్య గుప్పెడు తీసి వాసన చూసింది. "దొంగసచ్చినోడా, తడి ఆరనివ్వలేదే!" అని నవ్వింది.

ఆ నారు నిలిచింది. చూరు కిందికి మళ్లీ బాన వచ్చింది. ఆవిడ ఆ అర ఎకరం వదిలి రాలేదు.

పెద్దకర్మ మర్నాడు నేను అత్తయ్య ఇంటి నుంచి బయలుదేరుతుంటే, ఒకావిడ ఖాళీ కొబ్బరిచిప్పతో వచ్చి, ఎవర్ని అడగాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"ఇలా తే, అమ్మా. అడిగి తీసుకునేవాళ్లే నయం" అన్నాడు పక్క రైతు. బాన మీది గోనె తీసి చిప్ప నింపి ఇచ్చాడు. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి, గోనె అంచులు కూడా తడిసేదాకా చిలకరించాడు.