జీను తీసి చూపించమన్న మా అక్క

మా అక్క మానాలెలి గుర్రం ఎక్కగా ఎవరూ చూడలేదు. ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. మా పుట్టింట్లో రెండు గుర్రాలుండేవి కానీ అవి మా అన్నలవి. ఆడపిల్లలం వాటికి గడ్డి కోసేవాళ్ళం, నీళ్ళకు తోలుకెళ్ళేవాళ్ళం, మొక్కజొన్న మూటలు వేసి పిండిమర దాకా వాటి వెనక నడిచేవాళ్ళం. వెనక నడిచేవాళ్ళకు గుర్రం గురించి కొన్ని సంగతులు తెలుస్తాయి. అవి అక్కకు తెలిసినంతగా మా కొండల్లో ఇంకెవరికీ తెలియవని నా నమ్మకం. చెల్లెలిని కాబట్టి అంటున్నాననుకున్నా సరే.

అక్క కూతురు నాలెలికి అప్పుడు ఆరేళ్ళు. జనవరిలో బడి తెరుస్తారు. బడి నది అవతలి కొండ మీద ఉంది. నడిస్తే రెండు గంటలు, గుర్రం మీద ముప్పావు గంట. మా వైపు వానలు పడేది సరిగ్గా అప్పుడే. నడిచి నది దాటే పిల్లలు మొదట వారానికి మూడు రోజులు వెళ్తారు, తర్వాత ఒక రోజు, ఆ తర్వాత మానేస్తారు. నేను నాలుగో తరగతిలో మానేసింది అలాగే.

అక్టోబరులో ఒక పొద్దున అక్క గంజి కలుపుతూ అంది.

"దీనికి గుర్రం నేర్పించాలే చెల్లీ. బడి తెరిచేలోపు. లేకపోతే ఇదీ నీ పక్కన కూచుని బఠాణీలు వలుస్తుంది."

నాకు కోపం రాలేదు. నిజమే కదా.

గుర్రం నేర్పేవాళ్ళెవరని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే పేరు చెప్తారు, ఖౌటా అని. ఆయన మా బావకు అన్న. చలికాలపు పందేల్లో నాలుగేళ్ళు వరుసగా గెలిచాడు. బావ గనిలో పని చేస్తూ నెలకోసారి ఫోను చేస్తాడు. "మా అన్నుండగా ఇంకొకళ్ళ సంగతెందుకు?" అన్నాడు. అక్క సరేనని, నాలెలినీ నన్నూ వెంటబెట్టుకుని ఖౌటా గుర్రాల దొడ్డికి వెళ్ళింది.

"నేర్పడమేంటి మరదలా!" అన్నాడు ఖౌటా. "ఎక్కించి, గుర్రాన్ని ఒక్కటి చరిస్తే సరి. పడనోడు నేర్చుకున్నట్టే. మా అబ్బాయి మొలెఫి అట్లాగే నేర్చుకున్నాడు."

"ఎన్నిసార్లు పడ్డాడు?"

"ఎవడు చూశాడు?"

నాలెలి నేను ఒంటికి చుట్టుకున్న దుప్పటిలో దూరింది. కిందటి చలికాలం ఆయన సరదాకి దాన్ని అలాగే ఎక్కించి చరిచాడు. పడిన దగ్గరినుంచి గుర్రం దగ్గరికొస్తే చాలు, అది నా దుప్పటి వెతుక్కునేది.

"జీను తీసి చూపించు బావా," అంది అక్క.

"అందరూ గుర్రం కాళ్ళు చూస్తారు, నువ్వు వీపు చూస్తావా!" అని నవ్వుతూనే తీశాడు. గోధుమరంగు గుర్రం. వెన్నెముకకు అటూ ఇటూ అరచేయంత మేర వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. జీను ఒరుసుకుని పుండు పడి మానితే అక్కడ వెంట్రుక తెల్లగా వస్తుంది. అక్క చెయ్యి ఆనించగానే గుర్రం చర్మం వణికింది. "మంచి పందెపు గుర్రం బావా," అని చెప్పి వచ్చేసింది.

దారిలో నాతో అంది. "గెలిచినప్పుడల్లా దాని వీపు ఒలిచాడు. గుర్రం నొప్పి తెలీనాయనకి పిల్ల భయం ఏం తెలుస్తుంది?"

తర్వాత జలపాతం దగ్గర పరదేశీయులు దిగే విడిదికి వెళ్ళాం. చుట్టూ తెల్ల కంచె, పిల్లల తలలకు ఎర్ర టోపీలు. అక్కడి కుర్రాడు అడగ్గానే జీను తీశాడు. గుర్రం వీపు నున్నగా, శుభ్రంగా ఉంది. నాలెలిని ఎక్కించి, తాడు తన చేత్తో పట్టుకుని పది చుట్లు తిప్పాడు. మొదట నా దుప్పటి వదలనన్న నాలెలి చివరి చుట్టుకల్లా నవ్వింది. ఇక వెతుక్కునే పని లేదనుకున్నాను.

"తాడు ఎప్పుడు వదుల్తారు నాయనా?" అడిగింది అక్క.

"వదలమమ్మా. పిల్లలు క్షేమంగా ఉండాలి కదా."

"ఉండాలి. మీ పిల్లలు ఆదివారం ఇళ్ళకు పోతారు. మా పిల్లకి సోమవారం పొద్దున్నే నది ఉంది."

అతనికి దండం పెట్టి బయటికొచ్చింది.

ఆ వారమే పిండిమర దగ్గర త్లాలీ తాత కనిపించాడు. కుంటికాలు, చిరిగిన దుప్పటి. ఊరివాళ్ళ మూటలు గుర్రం మీద మరకు మోసి బతుకుతాడు. మూటలు దించగానే అందరూ నీడకు పోయారు. తాత మాత్రం ముందు జీను తీశాడు. కింద వేసిన గుడ్డ మడతల్లో ముల్లో గడ్డిపరకో ఉందేమోనని వేళ్ళతో తడిమాడు. ఆ గుర్రానికి పంతొమ్మిదేళ్ళు. మెడనుంచి తోక దాకా వీపంతా ఒకటే నలుపు. అక్క ఇక ఏమీ చూపించమనలేదు.

"తాతా, నా కూతురికి గుర్రం నేర్పుతావా?"

తాత వెనక్కి తిరిగి, ఇంకెవరినో అడుగుతోందేమోనని చూశాడు.

ఊటబావి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? "మీ అమ్మాయి మనిషా, మొక్కజొన్న మూటా?" అని ఒకటే నవ్వులు. ఖౌటా మా ఇంటికి రావడం మానేశాడు. ఫోనులో బావ అరిచాడు. "ఊళ్ళో మా అన్న పరువు తీశావు గదే!"

"పరువు సంగతి బడి తెరిచాక చూద్దాం," అంది అక్క.

మూడు వారాలు తాత నాలెలిని గుర్రం ఎక్కనివ్వలేదు. మాకు సెఫాకో అనే బూడిదరంగు ఆడగుర్రం ఉంది. దానికి నీళ్ళు పెట్టించాడు, గిట్టల్లో రాళ్ళు తీయించాడు, వీపు తుడిపించాడు. నాలుగో వారం నాలెలి తనంతట తానే, "ఎక్కనా తాతా?" అంది. నా దుప్పటి అప్పటికే మర్చిపోయింది. అయితే డిసెంబరు సగమయ్యాక కూడా సెఫాకోకు నడకే, పరుగు లేదు. మూటల వెనక, మూటల గుర్రం పోయే దారిలో, నడకే.

ఖౌటా ఒకరోజు గోడ దగ్గర ఆగాడు. "ఏం తాతా, పిల్ల పెళ్ళీడు నాటికన్నా పరుగెత్తిస్తావా?"

"పెళ్ళికి పరుగెత్తే పిల్లని నేనెందుకయ్యా తయారుచెయ్యడం?"

అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. దొడ్డి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, "తప్పు చేశానంటావా?" అని అడిగింది.

బడి తెరిచే ముందు రెండు రోజులు ఏకధాటిగా వాన. ఆ పొద్దున ఐదుగురు పిల్లలు గుర్రాల మీద బయల్దేరారు. అందరిలోకీ పెద్దవాడు ఖౌటా కొడుకు మొలెఫి, వాడికి పదకొండేళ్ళు. అందరిలోకీ చిన్నది నాలెలి. అక్కా నేనూ కొండ అంచుదాకా వెళ్ళి నిలబడ్డాం. ఖౌటా కూడా వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు.

కింద నది ఎర్రగా ఉంది. మొలెఫి గుర్రాన్ని కొరడాతో కొట్టి దింపాడు. నాలుగడుగులు వేసిందో లేదో, దాని కాలు జారింది. వాడు నడుందాకా తడిసి, జూలు పట్టుకుని, గుర్రంతోపాటే ఒడ్డుకు వచ్చిపడ్డాడు. తక్కిన పిల్లలు ఇళ్ళవైపు తిరిగారు.

సెఫాకో నీటి అంచున ఆగిపోయింది. నాలెలి దాన్ని కొట్టలేదు, కేకలేయలేదు. కళ్ళెం వదులుచేసింది. అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. సెఫాకో కాసేపు నీళ్ళు వాసన చూసి, ఒడ్డు వెంబడి ఎగువకు నడవడం మొదలుపెట్టింది. ఇళ్ళవైపు తిరిగిన పిల్లలు ఏం చేస్తుందోనని వెంట వెళ్ళారు. అటువైపు బడిపిల్లలెవరూ వెళ్ళరు, చాలా చుట్టు. నది వెడల్పుగా, గులకరాళ్ళ మీద పల్చగా పారే చోటు అక్కడుంది. మూటలు తడవకూడదు కాబట్టి మూటల గుర్రాలు అక్కడే దాటుతాయి.

నీళ్ళు సెఫాకో మోకాళ్ళ దాకా కూడా రాలేదు. అవతలి గట్టెక్కాక నాలెలి చెయ్యి ఊపింది, మాకు కాదు, వెనకున్న పిల్లలకు. ఒకరి తర్వాత ఒకరు దాని వెనకే దాటారు. చివర మొలెఫి.

"బడికి ఆలస్యమవుతుంది," అన్నాడు ఖౌటా.

"అవనీ బావా," అని అక్క నాలుక ఆడిస్తూ గొంతెత్తి కూత పెట్టింది. మా పెళ్ళిళ్ళలో సంతోషానికి ఆడవాళ్ళందరూ పెట్టే కూతే. మా అక్క నోటినుంచి అంత గట్టిగా రావడం నేనెప్పుడూ వినలేదు.

మొదటి రోజు బడికి నాలెలి గంటన్నర ఆలస్యంగా చేరింది. అక్క ఆ సంగతి ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్తుంది. ఆ ఏడు వానలు మార్చి దాకా పడ్డాయి. నాలెలి బడి మానింది మూడంటే మూడు రోజులు, అందులో ఒకటి జ్వరానికి.