వేషం కాదని చెప్పడానికి ఎదురుమొండి దాకా

శనివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు గుడివాడ స్టేషనులో బందరు బండి ఎక్కాను. కారణం ముందురోజు సాయంత్రం అందిన కార్డు. మా అక్క కరుణమ్మ అల్లుడు, ఎదురుమొండి లంకలో బడి మాస్టరు, రాశాడు. అక్క వారం నుంచి అన్నం ముట్టడం లేదట. చావంటే భయం వేస్తోందట. భయపడేవాళ్లకు విశ్వాసం లేనట్టే కాబట్టి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకునే అర్హత తనకు లేదని, అవి తెచ్చిన పాస్టరుగారిని తిప్పి పంపిందట. "ప్రభువు భయపడలేదని మా తమ్ముడు చెప్పాడు. నేను భయపడుతున్నాను. ఇక నేనెవరి మనిషిని?" అంటోందట. చివర ఒక్క ముక్క: మీరు రాకపోతే అత్తయ్యగారు ఇలాగే పోతారు.

ప్రభువు భయపడలేదన్న మాట చెప్పింది నేనే. నలభై ఏళ్ల కిందట, ముదినేపల్లి సంతలో. నాకు బడి చదువు లేదు. గేదెలు కాస్తూ అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. సంతలో ఒక మోతుబరి నలుగురి ముందు, "మీ దేవుడు సిలువ ముందురాత్రి చావుకు జడిసి తోటలో చెమటలు కక్కాడట కదరా" అని నవ్వాడు. ఒళ్లు మండింది. "జడవలేదండి. రాజు మారువేషంలో బిచ్చగాడై తిరిగితే నిజంగా ఆకలేస్తుందా? చూసేవాళ్ల కోసం అలా కనిపించాడు" అన్నాను. ఆయన నోరు మూతపడింది. పక్కనే ఉన్న అక్క ఆ మాట మూట కట్టుకుంది. నాట్లు వేసే చోట, కలుపు తీసే చోట, పురిటింట, చావింట అందరికీ పంచింది. నేనూ సువార్త ప్రకటిస్తూ ఊరూరా అదే చెప్పాను.

తర్వాత సువార్తలు మళ్లీ మళ్లీ చదివితే నాకే అనుమానం తగిలింది. ఆకలి, దాహం, కన్నీళ్లు, పడవలో అలసి నిద్రపోవడం, ఇవన్నీ వేషమైతే సిలువ మేకులూ వేషమే కావాలి. ఒకరిద్దరు పాస్టర్లు ఆ సంగతే చెప్పారు. సెమినరీలో చదివొచ్చిన కుర్రాళ్లు నాకు చెప్పేదేమిటని వాళ్ల మీద అరిచాను. గెలిచిన మాట వదులుకోవడం ఎవరికైనా కష్టమే. నాకు మరీ కష్టం.

గుడ్లవల్లేరు దాటాక బండి పొలాల మధ్య ఆగింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఎదురుగా కూర్చున్నాయన పెడన అద్దకం పనివాడు. గోళ్ల సందుల్లో ఎరుపు. నా ఒళ్లోని బైబిలు చూసి పలకరించాడు.

"మీ గుడికి ఒకసారి తెర అద్దామండి, మా నాన్న ఉన్నప్పుడు. దేవుడు కదా అని మా నాన్న ఏసు బొమ్మకి నీలం వేశాడు. రాముడికైనా కృష్ణుడికైనా అదేగా. తెర చేయించుకున్న దొరసానిగారు, కాదు, మనిషి రంగు వెయ్యమన్నారు. దేవుడా మనిషా, ఏదో ఒకటి చెప్పాలి కదండీ?"

"రెండూ" అన్నాను.

"అయితే పైన మనిషి, లోపల దేవుడా?"

నలభై ఏళ్లుగా నేను చెప్పింది సరిగ్గా అదే. మాట మార్చి, మీ రంగు ఉతికితే పోదా అని అడిగాను.

"పైన పూసింది పోద్దండి. మేం పటిక అచ్చు వేసి, చెట్టు వేళ్లు వేసి మరగకాస్తాం. కాచింది దారంలోకి దిగిపోద్ది. గుడ్డ చిరగాలి గానీ రంగు పోదు" అని పెడనలో దిగిపోయాడు.

ఎనిమిదిన్నరకు బందరు. బస్సుస్టాండు పక్క హోటల్లో రెండు ఇడ్లీలు పెట్టించుకుని ఒకటి తిని లేచాను. తొమ్మిదింబావుకు అవనిగడ్డ బస్సు. పక్కసీట్లో గిలకలదిండి నుంచి చేపలమ్మే ఆవిడ, ఒళ్లో ఎండుచేపల బుట్ట, మెడలో సిలువ ఉన్న జపమాల.

"అలా ఉన్నారేంటి బాబాయ్? ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?" అంది.

చెప్పాను. మారువేషం సంగతి కూడా చెప్పాను. ఆమె బుట్ట సర్దుకుంటూ నవ్వింది.

"ఆయనకి కన్నతల్లి ఉంది కదండీ. చనుబాలు తాగినోడి ఆకలి వేషమంటే ఆ తల్లి ఊరుకుంటదా? మా ఆయన వేటకెళ్లి రెండు రోజులు రాకపోతే ఆ తల్లితోనే చెప్పుకుంటాను. కొడుకు కోసం అల్లాడిన మనిషికే నా బాధ అర్థమౌద్ది."

మేరీతల్లికి మొక్కడం మా సంఘంలో లేదు. ఆ విషయం మీద ఆమెలాంటి కేథలిక్కులతో ఎన్నో ఏళ్లు పోట్లాడాను. ఆ రోజు చల్లపల్లి వచ్చేదాకా ఆమె మాటే నెమరేసుకున్నాను.

అవనిగడ్డలో బస్సు మారి, నాగాయలంక చేరేసరికి ఒకటిన్నర. రేవులో నీళ్లు లేవు. బురదలో పడవ పక్కకి ఒరిగి ఉంది. పడవవాడు తాపీగా చుట్ట కాలుస్తున్నాడు.

"పాటుకి నీళ్లు తీసేశాయండి. పోటు తగిలి నీళ్లెక్కేదాకా పడవ లేవదు. మూడున్నర అవుద్ది."

"అవతల మనిషి పోతుంటే మూడున్నర అంటావేంటి? నీకు అక్కాచెల్లెళ్లు లేరా?"

"మీరు తిడితే నీళ్లొస్తాయంటే చెప్పండి, నేనూ తిడతాను" అన్నాడు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. బస్సు వేళ కనుక్కుంటే చాలదు, పోటు వేళ కూడా కనుక్కోవాలి. నేను కనుక్కోలేదు. రెండు గంటలు ఆ గట్టు మీద కూర్చున్నాను. ప్రార్థన చేశాను. భయం పోలేదు. మళ్లీ చేశాను. అరచేతులు చెమటతో తడిసి బైబిలు అట్ట జారుతోంది. ఇది విశ్వాసం లేకపోవడమే అయితే నేనూ అక్క పక్కనే నిలబడాలి. తోటలో ఆయన కూడా ఒకే ప్రార్థన మూడుసార్లు చేశాడని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారితో భయం పోయి ఉంటే మూడుసార్లు ఎందుకు?

పడవ దిగి ఇల్లు చేరేసరికి అయిదయింది. అక్క పంచలో నులకమంచం మీద ఉంది. కళ్లు మాత్రమే మిగిలాయి.

"వచ్చావురా" అంది. "నాకు భయంగా ఉందిరా."

"ఆయనకీ వేసిందక్కా."

"లేదన్నావుగా."

"తప్పు చెప్పాను."

అల్లుడు గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తోటలో నిజంగానే వణికాడు. ఒంటరిగా ఉండలేక స్నేహితుల్ని మేలుకుని ఉండమని బతిమాలాడు. వాళ్లు నిద్రపోయారు."

"అయ్యో పాపం" అంది అక్క. ప్రభువు గురించి ఆమె నోట ఆ మాట రావడం నేనెన్నడూ వినలేదు. మళ్లీ తనే, "మరి దేవుడు కాదా?" అంది.

"దేవుడే. కానీ వేషమైతే ఆట అయ్యాక విప్పేస్తారు. ఆయన విప్పలేదు. పెడన అద్దకంలాగా దారంలోకి దిగిన రంగు అది. నీ భయం ఆయనకు కొత్త కాదు."

అక్క మొహం నావైపు తిప్పింది.

"నువ్వు తప్పు ఒప్పుకోవడం వినడానికి బతికున్నానన్నమాట. నువ్వూ భయపడ్డావా?"

"పొద్దుట్నుంచి. నేనొచ్చేలోగా పోతావేమోనని."

"పోతాన్లేరా, ఎక్కడికి తప్పుద్ది. అబ్బాయ్, ఆ గంజి ఇటు ఇయ్యి."

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇంటికి వచ్చి బల్ల ఇచ్చారు. అక్క చేతిలో గిన్నెలోంచి ద్రాక్షరసం రెండు చుక్కలు పైటమీద పడింది. "భయం ఇంకా ఉందండి" అని ఆయనతోనే చెప్పి తాగింది.

సోమవారం ఉదయం పోటు చూసుకుని బయలుదేరాను. అక్క ఎన్నాళ్లుంటుందో తెలియదు. మళ్లీ చూస్తానని ఆమె అనలేదు, నేనూ అనలేదు. అదే పడవ, అవే బస్సులు, అదే బండి. పెడనలో కాలవ గట్టున ఉతికి ఆరేసిన గుడ్డలు కనిపించినంతసేపూ చూశాను. ఈ ప్రయాణంలో నాకు తెలిసిన సంగతులు పుస్తకాల్లో ముందునుంచీ ఉన్నవే. అద్దకం చేసే ఆయనా, చేపలమ్మే ఆవిడా చెప్పేదాకా నేను వినలేదు.

నాలుగింటికి గుడివాడలో దిగి ఇంటికి వెళ్లలేదు. ముదినేపల్లి బస్సు ఎక్కాను. సంత రోజు కాదు. ఆ మోతుబరి పోయి చాలా ఏళ్లయింది. కానీ నా మాట విన్నవాళ్లు, అక్క దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లూ ముసలివాళ్లే, వాళ్లకూ మంచం దగ్గరపడుతోంది. నలుగురి ముందు గెలిచిన మాట నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. నవ్వుతారు. టిక్కెట్టు అందుకుంటుంటే నా చెయ్యి వణికింది. కండక్టరు చూశాడు. చూడనిచ్చాను.